ఎడమ మౌసు, కుడి మౌసు

నేను పనిచేసిన ఆఫీసులో ప్రతి రిజిస్టరుకీ ఒక కలం ఉండేది. దాన్ని పురికొసతో రిజిస్టరు వీపుకి కట్టేసేవాళ్లం. వచ్చిన కాగితాల రిజిస్టరు కలంతో వెళ్లిన కాగితాల రిజిస్టరులో రాయడమంటే, నా దృష్టిలో, పక్కింటివాళ్ల చెప్పులేసుకుని పెళ్లికి వెళ్లడం లాంటిది. ముప్పై నాలుగేళ్లు అలా బతికిన మనిషి ఉద్యోగం దిగిపోయాక కంప్యూటరు కొంటే ఏం జరుగుతుందో నా రెండువేల ఏడు డైరీలో ఉంది. దాన్ని పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ఆ ఏడు మేము చదివిన హైస్కూలుకి యాభై ఏళ్లు నిండాయి. మాది మొదటి బ్యాచ్. స్వర్ణోత్సవ సంచిక వెయ్యాలని పాత విద్యార్థులు ఒక ఆదివారం కూర్చుని తీర్మానించారు. సంపాదకుడెవరన్న ప్రశ్న రాగానే అందరూ నావైపు చూశారు. డైరీ రాసేవాడు ఏదైనా రాయగలడని అనకాపల్లిలో ఒక నమ్మకం. తెలుగు టైపు పరీక్ష ఎప్పుడో పాసయ్యాను కాబట్టి టైపు కూడా నామీదే పడింది.

ఒప్పుకోవడానికి నాకు సొంత కారణం ఒకటుంది. అది మా బావ.

బావ అంటే మా ఆవిడకి అన్నయ్య. తుమ్మపాల దగ్గర చెరుకు రైతు, బెల్లం వండడంలో చుట్టుపక్కల పేరున్నవాడు. నేను అతన్ని బావా అంటాను, అతను నన్ను బావా అంటాడు. ఈ చుట్టరికం కలవకముందు మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. అప్పుడు మా స్కూలు గోడపత్రికకి సంపాదకుణ్ణి నేనే. బావ జీవితంలో మొదటిసారి ఒక వ్యాసం రాసి తెచ్చాడు: ‘మా బెల్లం పెనం’. అది గోడకెక్కలేదు. నేను డైరీ మొదలుపెట్టింది ఆ సంవత్సరమే. అందులో ఆ రోజు పేజీలో ఇలా ఉంది: “బెల్లం పెనం వ్యాసము స్థలాభావము వలన చేర్చబడలేదు.”

అసలు సంగతి డైరీలో లేదు. స్థలం ఉంది. అందులో వెన్నెల మీద నేను రాసిన పద్యం అతికించాను.

ఆ తరవాత నలభై తొమ్మిదేళ్లు బావ ఆ మాట వదల్లేదు. మా ఇంట్లో భోజనానికి కూర్చున్నా, విస్తట్లో కూర తక్కువైనా, “స్థలాభావమేటి బావా?” అనేవాడు. బస్సులో సీటు దొరక్కపోయినా అదే మాట. మరీ కోపమొస్తే మా ఆవిడ ముందే, “సెల్లినిచ్చేను ఈడికి. ఒక కాయితం ముక్కలో నాకు సోటియ్యనేకపోయేడు” అనేవాడు.

కాబట్టి నేను సంపాదకుణ్ణని తెలియగానే బావ పొలం నుంచి అలాగే వచ్చేశాడు, కాళ్లకి మట్టితో. అదే వ్యాసం. అప్పుడు రెండు పేజీలు, ఇప్పుడు ఐదు.

“ఈసారి ఎయ్యకపోతే మాత్రం బావా, నా యాసం నాతోపాటే పోద్ది. మల్లీ యాభై ఏళ్లకి నేనుండను, నువ్వూ ఉండవు.”

వేస్తానని చేతిలో చెయ్యేశాను.

కంప్యూటరు దుకాణం మెయిన్ రోడ్డు మీద ఉంది. నడిపేది నలభై ఏళ్ల మనిషి, ఓపికున్నవాడు. నాకు రెండు మానిటర్లు కావాలని చెప్పాను.

“రెండు దేనికండి? ఒక్కదాన్లోనే ఎన్ని ఫైళ్లయినా తెరుసుకోవచ్చు.”

“ఒకదాని మీద ఒకటి పడి ఉంటే అడుగున ఏముందో ఎలా తెలుస్తుంది? ఎడమ పక్క వచ్చిన కాగితం, కుడి పక్క రాసే కాగితం. నాకలా అలవాటు.”

“సరేనండి, దానికో కార్డెయ్యాల. ఏత్తాను. మౌసు మాత్రం రెంటికీ ఒకటే. ఇలా తోసేరంటే బాణం గీత దాటి అటేపు ఎల్లిపోద్ది.”

“హద్దు దాటి పోయేవాటిని నేను నమ్మనయ్యా. మానిటరుకొక మౌసు పెట్టు.”

అతను కంప్యూటరు వెనక్కి వెళ్లి కన్నాలు చూశాడు. “పెడతానండి. పని సేత్తాది” అన్నాడు. అబద్ధం చెప్పలేదు. పనిచేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎడమ మౌసు పాతరకం, కడుపులో రబ్బరు బంతి ఉండేది. కుడి మౌసు కొత్తరకం, కింద ఎర్ర దీపం వెలిగేది. రెండింటి వీపుల మీదా చీటీలు అంటించాను: ‘ఎడమ’, ‘కుడి’. ఒకదాని వైరు ఒక మానిటరు మెడకి, రెండోదాని వైరు రెండో మానిటరు మెడకి పురికొసతో కట్టాను. మా ఆవిడ వచ్చి చూసింది.

“ఏటండీ, దూడల్ని గుంజకి కట్టినట్టు కట్టేసేరు?”

నియమం లేనిదే పని సాగదు. నా నియమం ఇది: ఎడమ మౌసు పట్టుకున్నప్పుడు ఎడమ మానిటరే చూడాలి, కుడి మౌసు పట్టుకున్నప్పుడు కుడి మానిటరే. ఒక చెయ్యి పనిచేస్తుంటే రెండో చెయ్యి ఒళ్లో ఉండాలి. ఎడమ మౌసు పట్టుకుని కొంచెం అటూ ఇటూ జరిపితే, బాణం కుడి అంచులోంచి మెల్లగా లోపలికి వచ్చేది, ఆఫీసు తలుపు తోసుకుని గుమాస్తా వచ్చినట్టు. డ్యూటీకి వచ్చిందనుకునేవాణ్ణి. కుడి మౌసు పట్టుకుంటే కుడి బాణం ఎడమ అంచులోంచి వచ్చేది. రెండు బాణాలూ పని లేనప్పుడు మానిటర్ల మధ్య సందులో ఎక్కడో కూర్చుంటాయని నా ఊహ. కొన్నిసార్లు రావడానికి చాలాసేపు పట్టేది. డైరీలో ఎర్ర సిరాతో రాశాను: “ఎడమ బాణం ఆలస్యం.” ఆఫీసులోనైతే మూడు ఆలస్యాలకి ఒక సెలవు కోసేవాళ్లం. బాణానికి ఏం కోస్తాం?

అలా నాలుగు నెలలు గడిచాయి. పదిహేడు సార్లు ఎడమ బాణం, పదకొండు సార్లు కుడి బాణం ఆలస్యంగా వచ్చాయి. రెండింటిలో కుడిదే బుద్ధిమంతురాలని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ చేటతో బియ్యం చెరుగుతూ “అలాగేనండీ” అంది.

రచనలన్నీ వచ్చాయి. పాత హెడ్మాస్టర్ల జాబితా, ఫుట్‌బాల్ జట్టు ఫొటో, రోలుగుంట నుంచి ఒక మిత్రుడు పంపిన, ఎక్కడా చుక్క పెట్టని పన్నెండు పేజీల జ్ఞాపకం. ప్రతిదీ ముందు ఎడమ మానిటరులో టైపు చేసి, దాన్ని చూస్తూ కుడి మానిటరులో శుభ్రంగా మళ్లీ టైపు చేసేవాణ్ణి. కాపీ అనే సౌకర్యం ఉందని తెలుసు. చదవకుండా తీసిన నకలు నకలు కాదు. టైపు చేసినది సరిచూసి డైరీలో టిక్కు పెడితే, ఇక దాని మొహం చూడను. టిక్కు పెట్టినదాన్ని మళ్లీ చూడడమంటే టిక్కుని అవమానించడమే.

ప్రెస్సాయన శనివారం సాయంత్రం ఐదింటిలోగా సీడీ ఇమ్మన్నాడు. దాటితే పెళ్లి కార్డులు మొదలుపెడతాడు, పదిరోజులు దేన్నీ ముట్టుకోడు. స్వర్ణోత్సవమేమో ఆ పై వారం ఆదివారం. పైగా వేసవి, రోజూ నాలుగింటికి కరెంటు పోయేది, ఆరింటికి వచ్చేది. అంటే నాకున్న గడువు నాలుగు.

ఆ శనివారం పొద్దున్న ముఖ్య అతిథి గారి సందేశం వచ్చింది. ఫొటోతో సహా. రాజకీయాల్లో పెద్దమనిషి, సంచికలో మొదటి పేజీ ఆయనదే. మధ్యాహ్నానికి టైపు చేశాను, సరిచూశాను, టిక్కు పెట్టాను. పేజీ నంబరు వెయ్యడం ఒక్కటే మిగిలింది. అది ఎడమ మానిటరు మీద ఉంది. కుడి మానిటరు మీద బావ వ్యాసం ఉంది, అదీ పూర్తయింది.

రెండున్నరకి బావ వచ్చాడు. చంకలో బెల్లం దిమ్మ, మొహాన చెమట.

“సీడికాడ ఊల్లో మా అత్తోరి వేపోల్లందరికీ సెప్పేసేను బావా. రెండు జీపులేసుకుని వత్తారంట. ఏదీ నా యాసం? నా కల్లతో నేను సూసుకోవాల.”

కుడి మానిటరు ముందు కూర్చోబెట్టాను. వాక్యాలని మౌసుతో నల్లగా చేసి, పట్టుకుని ఇంకోచోటికి జరపడం అంతకుముందు వారమే నేర్పాను, సరదా పడుతున్నాడు కదా అని. బావ కుడి మౌసుని నాగలి మేడి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. “నా పని నేను సూసుకుంటాను, నీ పని నువ్వు సూసుకో” అన్నాడు. నేను ఎడమ మానిటరుకి తిరిగి, పేజీ నంబరు కోసం ఎడమ మౌసు పట్టుకున్నాను.

నాలుగు నెలల్లో ఆ రెండు మౌసులనీ ఒకేసారి రెండు చేతులు పట్టుకోవడం అదే మొదలు.

“ఇదేటి బావా, నా బాణం నీ వేపు ఎల్లిపోతంది?”

“నీ బాణం నీ మానిటరు దాటదు. కుడి మౌసుది కుడి బాణం.”

“మరి ఇక్కడ నేదే!”

“వెతుకు. నా దగ్గరున్నది నాది.”

“ఇందాక నీదేదీ? ఇప్పుడే కదా లోపలికొచ్చింది?”

“నాది అప్పుడప్పుడు ఆలస్యంగా వస్తుంది.”

బావ కుడి మౌసుని ఒక్క లాగు లాగాడు. నా బాణం నా కళ్ల ముందే పారిపోయింది. నేను లాగాను, వచ్చింది. బావ లాగాడు, పోయింది. ఆయనవి చెరుకు నరికిన చేతులు, నావి గుండుసూదులు గుచ్చిన చేతులు. ఒక కాడికి కట్టిన రెండెడ్లు చెరో దిక్కుకీ లాగినట్టుంది మా పని. పేజీ నంబరు మాత్రం ఎలాగో వేశాను.

“దొరికింది! ఆగు, ఆగు. నా పొంగు కాడున్నాను, నల్లగా సేసేను” అన్నాడు బావ. పొంగు అంటే ఆయన వ్యాసంలో ఆయువుపట్టు. పెనంలో చెరుకు రసం పొంగొచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే నాలుగు వాక్యాలు. ఆ నాలుగింటినీ నల్లగా చేసి, వదిలితే పోతాయేమోనని మీట నొక్కి పట్టుకునే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే, నా బాణం నాకు కావాలని నేను ఎడమ మౌసుని బలంగా లాగాను. బావ ఉలిక్కిపడి చెయ్యి వదిలేశాడు.

“ఓర్నాయనో! నా పొంగు పోనాది!”

చూస్తే కుడి మానిటరు మీద వ్యాసం మధ్యలో నాలుగు వాక్యాలు లేవు. పైవాక్యం కింద కిందివాక్యం ఏమీ ఎరగనట్టు అతుక్కుని ఉంది. పోగొట్టుకున్న చోటే వెతకాలి కదా. ఇద్దరం కుడి మానిటరులోకి తల దూర్చి వెతికాం. మజ్జిగ తెచ్చిన మా ఆవిడ గ్లాసులు పట్టుకుని మా వెనక నిలబడింది.

“ఏటి అన్నయ్యా, ఇద్దరూ దేన్ని తరుముతున్నారు?”

“నీ మొగుడు నా పొంగు పోగొట్టేసేడు సెల్లీ. నా బాణం కూడా లాగేసుకున్నాడు.”

“ఎవరి బాణమేటి? ఉన్నది ఒకటే కదా. అటొకసారి ఎల్తంది, ఇటొకసారి ఎల్తంది. ఇందాకట్నుంచీ సూత్తన్నాను.”

నేను ఒప్పుకోలేదు. ఆవిడ గ్లాసులు కింద పెట్టింది. “ఇద్దరూ సేతులు తియ్యండి. అన్నయ్యా, నువ్వు మెల్లగా ఎడమేపు జరుపు. ఏవండీ, మీరు రెండూ కలిపి సూడండి. ఒకటి కాదు, రెండూ.”

నాలుగు నెలల్లో మొదటిసారి రెండు మానిటర్లనీ కలిపి చూశాను. బాణం కుడి మానిటరు అంచు దాటి, ఎడమ మానిటరులోకి నడిచి వచ్చింది. ఒకటే. ఇరవై ఎనిమిది ఆలస్యాలు రాసుకున్నాను దాని మీద, పాపం. రెండు కచేరీలకి ఒకే బంట్రోతు.

సిగ్గుపడడానికి వ్యవధి లేదు. గడియారంలో మూడూ నలభై.

“సోటు నేదని ఆవేళ తీసేసేవు. ఈవేళ సోటుండి కూడా మింగేసేవు” అని బావ కూలబడ్డాడు. రెండు జీపుల జనం ఆయన కళ్లలో కనిపిస్తున్నారు.

“నీకు కంఠతా వచ్చు కదా. చెప్పు, టైపు చేస్తాను.”

రాకేం. యాభై ఏళ్లుగా మోస్తున్న వ్యాసం. బావ లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, పెనం ముందు నిలబడ్డట్టు నిలబడి చెప్పాడు. నేను కొట్టాను. మా ఆవిడ రెండు మౌసుల మీదా చెరో చెయ్యీ వేసి, ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాసింది. వ్యాసం మళ్లీ నిండింది. ఫైళ్లు మూస్తుంటే ఎడమ మానిటరు మీది అతిథి గారి సందేశం ఫైలు, మార్పులు దాచమంటావా అని అడిగింది. పేజీ నంబరు గురించి అడుగుతోందనుకుని అవునన్నాను. సీడీ మూడూ యాభై ఏడుకి బయటికొచ్చింది. నాలుగింటికి ఫ్యాను ఆగింది.

బావ మోపెడ్ మీద ప్రెస్సుకి వెళ్లాం. వెనక కూర్చుని నేను సీడీని నిండు పాలగిన్నెలా పట్టుకున్నాను. ప్రూఫు చూస్తారా అని ప్రెస్సాయన అడిగాడు. డైరీ తీసి టిక్కులు చూపించాను.

పై వారం ఆదివారం స్కూలు మైదానంలో షామియానా వేశారు. చీడికాడ జీపులు రెండు కాదు, మూడు వచ్చాయి. బావ కొత్త పంచె కట్టి, ముందు వరసలో నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో సంచిక, నలభై మూడో పేజీ తెరిచి ఉంది. పొంగు దాని స్థానంలో ఉంది. ఆయన దాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు.

ముఖ్య అతిథి గారు గంటన్నర ఆలస్యంగా వచ్చారు. డైరీలో రాసుకున్నాను. ఆయన ఉపన్యాసం కాగితం కారులో ఉండిపోయింది, కారేమో డీజిలుకి వెళ్లింది. ఆయన తడబడలేదు. సంచిక తీసి, తన ఫొటో ఉన్న పేజీ తెరిచి, తన సందేశమే గట్టిగా చదవడం మొదలుపెట్టారు.

“ఈ పాఠశాల ఎందరో విద్యార్థులను తీర్చిదిద్దింది. మునుముందు కూడా ఉపాధ్యాయులు ఇదే దీక్షతో పనిచేయాలి. పొంగు వచ్చినప్పుడు కంగారు పడరాదు. మంట తగ్గించి నాలుగు చుక్కల ఆముదం వెయ్యాలి.”

బాణంతోపాటు గీత దాటి పోయిన పొంగు ఎక్కడ పడిందో అప్పుడు తెలిసింది.

ఆయన ఒక్క క్షణం ఆగారు. మైకు ముందు ఎక్కువసేపు ఆగే అలవాటు లేని మనిషి. గొంతు పెంచారు.

“పైకి తేలిన మడ్డిని మొహమాటం లేకుండా తీసి పారెయ్యాలి. పాకం చన్నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి, కట్టకపోతే తప్పు చెరుకుది కాదు, వండినవాడిది!”

షామియానా కింద ఉన్నదంతా బెల్లం ఎరిగిన జనం. ముందు ఒక ఈల వినిపించింది. తరవాత చప్పట్లు. వెనక పిల్లలు బెంచీలెక్కి మరీ కొట్టారు. ఉపాధ్యాయులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన చెయ్యెత్తి జనాన్ని ఆపి, “తప్పు చెరుకుది కాదు” అని మళ్లీ అందుకున్నారు. ఈసారి జనమే పూర్తిచేశారు: “వండినవాడిది!”

నేను పక్కకి చూడడానికి భయపడ్డాను. చివరికి చూశాను. బావ పెదవులు ఆయనతోపాటు కదులుతున్నాయి. చప్పట్లు తగ్గాక నా చెవి దగ్గరికి వంగాడు.

“సూసేవా బావా. గోడ మీద సోటు నేదన్నావు. ఆయన నోట్లో దొరికింది.”

వేదిక దిగుతూ ముఖ్య అతిథి గారు తన పీఏ భుజం తట్టి, “బాగా రాసేవయ్యా” అన్నారు. ఆ పీఏ సంచిక చూశాడు, నన్ను చూశాడు, షామియానా కప్పు చూశాడు. తరవాత వినయంగా ఆయనకి నమస్కారం పెట్టాడు.

బావ ఫ్రేము కట్టించుకున్నది నలభై మూడో పేజీ కాదు, మొదటి పేజీ. పైన పెద్దమనిషి ఫొటో, కింద తన నాలుగు వాక్యాలు. ఇంటికొచ్చినవాళ్లు చూసి, ఏ పార్టీలో చేరావని అడుగుతారు. “బెల్లం పార్టీ” అంటాడు.

నాకు మాత్రం ఒక దిద్దుబాటు మిగిలిపోయింది. తొమ్మిదో తరగతి డైరీ దించి, ‘స్థలాభావము’ అన్న మాట కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో రాశాను: “స్థలము ఉండెను. నా వెన్నెల పద్యము అతికించితిని.” దిద్దుబాటుకి సాక్షి సంతకం ఉండాలి. బావని పిలిచాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

“ఎన్నెల పద్యమా? నలభై తొమ్మిదేళ్లు దాసేవు! ఏదీ, సదువు ఆ పద్యం.”

ఎదుటి పేజీలోనే ఉంది. చదివాను. నాలుగు పాదాలూ విన్నాడు. సంతకం పెట్టి, కలం మూత పెట్టాడు.

“బాగా పొంగొచ్చేసింది బావా” అన్నాడు. “ఆముదం ఎయ్యాల.”